మేడంకు తెలుగు రాదంట

నా చిన్నప్పుడు మా బడికి ఒక ఇంగ్లీషు మేడం వచ్చారు. ఆమెకు తెలుగు ఒక్క ముక్క కూడా రాదని మా తరగతి మొత్తానికి గట్టి నమ్మకం. చిన్నప్పుడు అంటే మరీ పాతకాలం అనుకోకండి. తెలంగాణ వచ్చిన మరుసటేడు నేను ఎనిమిదో తరగతిలో ఉన్నాను. ఇప్పుడు నేనూ బడిలో ఇంగ్లీషు చెబుతున్నాను. ఇంట్లో తమ్ముడికి, చిన్నాయిన పిల్లలకు నేనే పెద్దక్కను. కాబట్టి పెద్దదాన్ని అయిపోయినట్టే లెక్క. మా బడి పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు, మేడం మీకు చిన్నప్పటినుంచే ఇంగ్లీషు వచ్చా అని. వాళ్లకు ముక్కలు ముక్కలుగా ఏదో చెబుతాను కానీ, ఆ సంగతి మొదటినుంచి చివరిదాకా ఎప్పుడూ చెప్పలేదు.

మా ఊరు కోస్గి దాటి లోపలికి పోవాలి. ఎర్రటి చెలకలు, నడుమ నడుమ బండరాళ్లు, వాన పడితే కందులు, జొన్నలు, పడకపోతే ఏమీ లేదు. మాకు గొర్లు ఉండేవి. మా నాయిన, చిన్నాయిన కలిసి మందను చూసుకునేవాళ్లు. దసరా పోయి చెలకల్లో గడ్డి ఎండిపోగానే మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు వెళ్లిపోయేవాళ్లు. మళ్లీ తొలకరికే రావడం. అన్ని రోజులూ అమ్మ, అవ్వ, నేను, తమ్ముడు ఊళ్లోనే ఉండేవాళ్లం.

ఏడో తరగతి దాకా బడిలో నాకు మంచి పేరే ఉండేది. తెలుగు సారుకు గొంతు నొప్పిగా ఉన్న రోజు నన్ను లేపి కథ చెప్పమనేవారు. మా అవ్వ దగ్గర విన్నవి, నేను కల్పించినవి కలిపి చెప్పేదాన్ని. ఇంటి గంట కొట్టినా పిల్లలు లేచేవాళ్లు కాదు. అలాంటిది, ఎండాకాలం సెలవులకు తెలుగులో మూసిన పుస్తకాలు జూన్‌లో ఇంగ్లీషులో తెరుచుకున్నాయి. మా బడి ఇంగ్లీషు మీడియం అయింది. సైన్సు, లెక్కలు ఎలాగో కింద మీద పడి నెట్టుకొచ్చాను. ఇంగ్లీషు గంటకు మాత్రం నా నోరు పడిపోయింది. నోటిలో ఉన్న మాటలన్నీ తెలుగువి. అవి అక్కడ పనికిరావు. పనికొచ్చే మాటలు నా దగ్గర లేవు.

ఆ గంటకే కొత్త మేడం వచ్చేవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. పొద్దున మహబూబ్‌నగర్ నుంచి వచ్చే బస్సు దిగి, బస్టాండు నుంచి నడిచి వచ్చేవారు. మొదటి రోజు నుంచి ఆమె నోటి వెంట ఇంగ్లీషు తప్ప వేరే మాట మేము వినలేదు. ఆమెది కేరళ అని ఒకరు, కాదు బెంగాల్ అని ఒకరు పందేలు వేసుకున్నారు. చివరికి మా హెడ్మాస్టరును అడిగితే ఆయన మీసాల్లో నవ్వి, "మేడంకు తెలుగు రాదు. ఏదున్నా మీరే ఇంగ్లీషుల చెప్పుకోవాలె" అన్నారు. ఇక అంతే. ఆమె ముందే ఆమె గురించి మాట్లాడుకోవడం మాకు అలవాటైపోయింది. నా పక్కన కూర్చునే పక్కింటి పిల్ల అయితే మరీ. "గీ చీర మొన్న సోమారం గూడ కట్టింది సూడు", "ఇయ్యాల మేడం మొకం వాడిపోయింది, అన్నం దినలేదేమో" అని గట్టిగానే వ్యాఖ్యానం చేసేది. ఒకసారి ఏదో అన్నప్పుడు మేడం చటుక్కున బోర్డు వైపు తిరిగి చాలాసేపు అలాగే ఉన్నారు. భుజాలు కదిలాయి. దగ్గేమో అనుకున్నాం.

వానాకాలం నడుమ ఆమె మాతో మొదటి వ్యాసం రాయించారు. వాన కురిసిన రోజు గురించి రాయాలి. పిల్లలందరూ ఒకే గైడు చూసి బట్టీ పట్టి వచ్చారు. అందరి కాగితాల్లో ఒకే వాన. అందరూ గొడుగు వేసుకొని, బూట్లు తొడుక్కొని, నీళ్లు నిండిన రోడ్ల మీద బస్సు కోసం ఎదురుచూశారు. మేడం అన్నీ చదివి, బోర్డు మీద గొడుగు బొమ్మ గీసి, ఇది ఎవరింట్లో ఉందో చేయి ఎత్తమన్నారు. ఒక్క చేయి కూడా లేవలేదు. ఆమె నవ్వారు, వెక్కిరింపు లేకుండా. ఆ తర్వాత మీ ఊళ్లో పడ్డ వాన గురించి మీకు వచ్చిన మాటల్లోనే రాయండి అన్నారు. పిల్లలు తలా రెండు ముక్కలు రాశారు. నా కాగితం మీద నా పేరు తప్ప ఏమీ లేదు. బట్టీ పట్టడం నాకు చేతకాలేదు, సొంతంగా రాయడానికి ధైర్యం లేదు. మేడం వచ్చి నా బెంచీ మీద కూర్చుని, "టెల్ మి" అన్నారు మెల్లగా. ఆమె అంత మెత్తగా అడిగేసరికి నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మాట మాత్రం రాలేదు.

ఆ మరునాటి నుంచి నాకు కడుపునొప్పి మొదలైంది. అబద్ధం కాదు, నిజంగానే నొప్పి లేచేది. మధ్యాహ్నం అన్నం తిని ఇంగ్లీషు గంట దగ్గరపడుతుంటే కడుపులో మెలిపెట్టేది. ఇంటికి రాగానే తగ్గిపోయేది. కోస్గి దవాఖానలో చూపించారు. డాక్టరుకు ఏమీ కనబడలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా చిన్నాయిన జడ్చర్లలో మందుల కంపెనీలో పనికి కుదిరాడు. మందతో పోవడానికి ఇంట్లో ఒక మనిషి తక్కువైంది. నాయిన ఎవరినీ అడగలేదు. నేనే అన్నాను, నేను వస్తానని. బడి మానేసి మంద వెంట కృష్ణ ఒడ్డుకు వస్తానని. అమ్మ చేతిలో గరిటె పక్కన పడేసింది.

"సదువుకునే పిల్లను మందెంబడి తీస్కపోతవా?" అని నాయిన మీదికి లేచింది.

"నేనేడ తీస్కపోతున్న? అదే వస్తనంటున్నది" అన్నాడు నాయిన. "దినాం కడుపునొస్తుందని పండుకుంటాంది. సదువు తలకెక్కనప్పుడు బల్లె కూసోబెట్టి ఏం లాభం?"

మా నాయిన కోపంతో అన్న మాట కాదది. ఆయనకూ బాధగానే ఉందని గొంతు చెబుతోంది. దాంతో నాకు మరింత దిగులేసింది. అవ్వ మాత్రం మూలన కూర్చుని ఉన్ని వడికే కదురు తిప్పుతూనే ఉంది. దసరా పోయాక మందతో నేనూ బయలుదేరాలని ఆ సాయంత్రమే ఖాయమైంది. బడి తప్పిందన్న సంతోషం నాకు రావాలి కదా. రాలేదు. 

పక్కింటి పిల్లకు చెప్పాను. అది మరునాడు ఇంగ్లీషు గంటలో మేడం ముందే వెనక బెంచీ వాళ్లందరికీ చాటింది. "ఇది పండుగైనంక బల్లెకు రాదంట. గొర్లెంబడి పోతదంట." మేడం హాజరు వేస్తున్నారు. ఆమె కలం ఒక్క క్షణం ఆగినట్టు నాకు అనిపించింది. మళ్లీ పేర్లు పిలిచారు.

ఆ సాయంత్రం నాయిన మందను తోలుకొచ్చి దొడ్డిలోకి పంపిస్తున్న వేళకు, పక్కింటి పిల్ల ముందు నడుస్తుంటే వెనక మేడం మా వాకిట్లోకి వచ్చారు. మా కుక్కలు మొరిగేసరికి ఆ పిల్ల వాళ్లింటికి పరుగు తీసింది. మేడం మాత్రం నవ్వుతూ చేతులు జోడించి నిలబడ్డారు. అమ్మ గబగబా నులక మంచం వాల్చి దాని మీద గొంగడి పరిచింది. నాయిన తలపాగా సర్దుకుంటూ ఇబ్బందిగా నా వైపు చూశాడు.

"మేడంకు తెలుగు రాదంట గదా. ఎట్ల మాట్లాడాలె ఇప్పుడు?"

అందరూ నన్నే చూశారు. ఆ వాకిట్లో ఇంగ్లీషు అక్షరం ముఖం చూసినదాన్ని నేనొక్కదాన్నే. తమ్ముడు ఇంకా పలక పట్టుకునే వయసు. పారిపోదామంటే ఎక్కడికి పోను? మేడం మంచం మీద కూర్చుని, కదురు తిప్పుతున్న మా అవ్వను చూపించి, ఆమె ఏం చేస్తోందని ఇంగ్లీషులో అడిగారు.

 ఇంటికొచ్చిన మనిషికి జవాబు చెప్పకపోతే మర్యాద కాదు. "షీప్... హెయిర్... థ్రెడ్ మేకింగ్" అన్నాను. ఎందుకని అడిగారు. గొంగడి కోసమని చెప్పాను. గొంగడి అంటే ఏమిటన్నారు. "బ్లాంకెట్" అన్నాను. ఆ మాట నాకు తెలిసినందుకు కాస్త ధైర్యం కూడా వచ్చింది.

"ఏమని చెప్పినవే?" అంది అవ్వ.

"దుప్పటి అని చెప్పిన."

అవ్వకు కోపం వచ్చింది. "దుప్పటి, గొంగడి ఒకటెట్లయితయే? వానొస్తే అదే ఇల్లు. ఎండగొడితే అదే చెట్టు. పండుకుంటే పరుపు. సక్కగ చెప్పు ఆమెకు!"

నేను మేడం వైపు తిరిగాను. బ్లాంకెట్ కాదు మేడం అని మొదలుపెట్టాను. రెయిన్ కమ్స్, గొంగడి హౌస్. సన్ కమ్స్, గొంగడి ట్రీ. ఇంకా ఏదో చాలలేదు. మా నాయిన గొంగడి కప్పుకొని వానలో మంద వెనక నడిచిపోవడం కళ్లముందు కనిపించింది. "వాకింగ్ హౌస్, మేడం" అన్నాను. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "వాకింగ్ హౌస్" అని తనలో తాను ఒకసారి అనుకున్నారు, నోట్లో బెల్లం ముక్క వేసుకున్నట్టు.

అవ్వకు ఉత్సాహం వచ్చింది. కదురు పక్కన పెట్టి కాళ్లు చాపుకుంది. "వీని పుట్టుక గూడ గొంగడి కిందనే అయింది. అది గూడ చెప్పు" అని నాయినను చూపించింది. నాయిన గొంగడి కింద పుట్టాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. అంతకుమించి ఎవరికీ తెలియదు. అవ్వ ఎప్పుడూ చెప్పలేదు, మేము ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు ఒక పరాయి మనిషి వినడానికి కూర్చుంటే ఆమెకు చెప్పాలనిపించింది.

అవ్వ కాపురానికి వచ్చిన కొత్తలో తాతయ్యతో కలిసి మంద వెంట వెళ్లింది. రాయచూరు దిక్కున, కృష్ణ అవతల, ఎవరూ తెలిసినవాళ్లు లేని చోటు. ఇంకా నెల గడువు ఉందనుకున్నారు. ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి ఉరుములు మొదలయ్యాయి. మంద బెదిరి చెల్లాచెదురైంది. మగవాళ్లంతా గొర్ల వెనక పరుగెత్తారు. అవ్వ ఒక్కతే జొన్నచేను గట్టు మీద ఉంది. అప్పుడు నొప్పులు మొదలయ్యాయి.

నేను ఒక్కో ముక్కా ఇంగ్లీషులో అందిస్తున్నాను. ఇది అవ్వ, ఇది తాత, ఇవి గొర్లు అని చేతులతో కూడా చూపిస్తున్నాను. నొప్పులు అన్న దగ్గర "పెయిన్" అన్నాను. తలనొప్పా అని అడిగారు మేడం. నాకు ఒళ్లు మండింది. ఇంత పెద్ద సంగతి చెబుతుంటే తలనొప్పి అంటుందేమిటి ఈవిడ! "నో మేడం! బేబీ పెయిన్!" అని దాదాపు అరిచాను. ఆమె మీద గొంతు లేపానని కూడా నాకు తెలియలేదు.

అవ్వ చెప్పుకుపోతోంది. "ఎవ్వలు లేరు. వాన దంచుతాంది. గప్పుడు కొడవలి వట్టుకొని ఒక ఆడామె వచ్చింది, కన్నడామె. ఆమెకు నా మాట తెల్వదు, నాకు ఆమె మాట తెల్వదు. నన్ను జూసిందో లేదో జొన్న కర్రలు నాటి, నా మీది గొంగడి దాని మీద కప్పింది. నన్ను దాని కిందికి గుంజింది. ఇగ మాట్లాడుతనే ఉంది. నేను కండ్లు మూసుకుంటే సెంప మీద కొట్టి ఏదో అడుగుతది. నేను మా అమ్మను పిలుచుకుంట ఏదో అంట. ఆమె ఇంకోటి అడుగుతది. ఊకుంటే నా పానం పోతదని ఆమెకు ఎరుక. అందుకే నన్ను ఊకోనియ్యలే."

"ఆమె ఏమడిగిందో నీకు తెల్వదు గద, మరి ఏం చెప్పినవ్?" అని నేను అవ్వను అడిగాను. ఆ ప్రశ్న మేడంది కాదు, నాదే.

"నోటికొచ్చింది చెప్పిన. మా ఊరు పేరు చెప్పిన. మా తమ్ముని పేరు చెప్పిన. తప్పు చెప్పినవని ఆమె అన్నదా, తప్పు అడిగినవని నేనన్ననా? నెత్తి నిమురుకుంట అంజబ్యాడ, అంజబ్యాడ అనుడు ఒక్కటే యాదికున్నది. అదేందో ఇప్పటికి తెల్వదు."

నేను అది కూడా చెప్పాను. షి సెడ్ అంజబ్యాడ. మీనింగ్ అవ్వకు తెలియదు, నాకూ తెలియదు. నీకేమనిపిస్తోంది అని మేడం ఇంగ్లీషులో అడిగారు. నేను ఆలోచించాను. వానలో ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషి తల నిమురుతూ ఏమంటుంది? "డోంట్ ఫియర్" అన్నాను. అవ్వకు అదే మాట తెలుగులో చెబితే ఆమె తల ఊపింది. "అదే అయ్యుంటది" అంది.

పొద్దు వాలే వేళకు వాన తగ్గింది. తాతయ్య వాళ్లు మందను కూడగట్టుకొని తిరిగి వచ్చేసరికి గొంగడి కింద పిల్లగాడు ఏడుస్తున్నాడు. ఆ కన్నడామె లేదు. అప్పుడే తన గడ్డిమోపు ఎత్తుకొని ఊళ్లోకి వెళ్లిపోయింది. పేరు కూడా చెప్పలేదు.

అంతా చెప్పి నేను ఆగాను.  దొడ్డి తడిక పట్టుకొని నిలబడ్డ నాయిన ముఖం అటు తిప్పుకొని ఉన్నాడు. తన పుట్టుక ఎలా జరిగిందో ఆయన కూడా అప్పుడే విన్నాడు. మేడం మంచం చివరికి జరిగి, ముందుకు వంగి, అవ్వ ముఖంలోకే చూస్తున్నారు. ఉండబట్టలేక ఆమె నోటి నుంచి మాట ఊడిపడింది.

"అవ్వా, ఆ కన్నడామె మల్ల కనవడ్డదా నీకు?"

అచ్చమైన మా పాలమూరు మాట. ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు.

నేను కొయ్యబారిపోయాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేడం నాలుక కరుచుకున్నారు, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. అందరికంటే ముందు తేరుకున్నది అవ్వే.

"ఓసి నీ పాడుగాను! తెలుగొస్తదానె నీకు? ఇంతసేపు నా మనుమరాలికి సెమటలు వట్టిస్తివి గదనే!"

మేడం రెండు చేతులూ జోడించి నవ్వడం మొదలుపెట్టారు. "ఎట్లనన్న మాట్లాడిపియ్యాలని వచ్చిన అవ్వా. నీ కతల వడి మర్శిపోయిన." ఆమెది జడ్చర్ల పక్కన పల్లెటూరట. వాళ్లకూ కందిచేలు ఉన్నాయట. కేరళా కాదు, బెంగాలూ కాదు. అమ్మ నవ్వింది, నాయిన నవ్వాడు. ఎందుకో తెలియకపోయినా తమ్ముడు కూడా నవ్వాడు.

నాకు మాత్రం మొదట నవ్వు రాలేదు. మోసపోయినట్టు అనిపించింది. తర్వాత ఒక్కసారిగా పక్కింటి పిల్ల వ్యాఖ్యానాలన్నీ గుర్తొచ్చాయి. సోమవారం చీర, వాడిపోయిన ముఖం, ఇంకా చెప్పకూడనివి కూడా. అన్నీ విన్నారన్నమాట! బోర్డు వైపు తిరిగి ఊగిన భుజాలు దగ్గుతో ఊగలేదన్నమాట! అక్కడ నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. మేడం నన్ను దగ్గరికి తీసుకున్నారు.

"నేను గూడ తెలుగు మీడియమే బిడ్డా. పట్నంల కాలేజీకి పోయినంక ఏడాది దాక క్లాసుల నోరు తెరువలే. నాకు తెలుగొస్తదని ఎరుకైతే నువ్వు ఇంగ్లీషుల ఎందుకు చెప్తవ్ చెప్పు? నాకు తెల్వదనుకున్నవు గనుకనే చెప్పినవ్" అన్నారు. మరి నేను తప్పులు మాట్లాడాను కదా అన్నాను. "మాట్లాడినవ్. మస్తు తప్పులు. అయినా నాకు వాన గనవడ్డది, గొంగడి గనవడ్డది. మీ అవ్వ గూడ గనవడ్డది" అన్నారు.

అవ్వ మాత్రం మేడం అడిగిన ప్రశ్నను వదల్లేదు. ఆ కన్నడామె కనబడిందట. మరుసటేడు మంద అటే పోయినప్పుడు పిల్లగాడిని చంకన వేసుకొని ఆ చేను పక్క ఊళ్లో వాకిలి వాకిలీ తిరిగి ఆమెను పట్టుకుందట. అప్పుడూ ఇద్దరికీ మాటలు కలవలేదట. పొద్దంతా కూర్చుని మాట్లాడుకున్నారట. మేడం ఊపిరి వదిలారు. ఆమెతో పాటు నేనూ వదిలాను. నాకు కూడా ఆ సంగతి తెలుసుకోవాలని అంతగా ఉందని అప్పుడే తెలిసింది.

నాయిన వచ్చి నేల మీద కూర్చున్నాడు. మేడం నా చదువు గురించి ఏదో మొదలుపెట్టబోతే ఆయనే అన్నాడు. "నువ్వేం చెప్పొద్దు మేడం. అది ఏం మాట్లాడిందో నాకు సమజ్ గాలే. గని ఎక్కడ ఆగలే. రాదంటే మానిపిద్దామనుకున్న. ఇగ వచ్చెగద." తర్వాత నన్ను చూసి, "పండుగైనంక బల్లెకు పో. మందకు నేను వేరే ఏర్పాటు జేసుకుంట" అన్నాడు. ఆ ఏడు పక్కూరి మేనమామ వాళ్ల మందతో కలుపుకొని పోయాడు. ఆ రాత్రి నేను జొన్నరొట్టెలు ఎప్పటికంటే ఎక్కువ తిన్నాను. కడుపునొప్పి మళ్లీ రాలేదు.

వెళ్లేటప్పుడు మేడం నా దగ్గర ఒక మాట తీసుకున్నారు. తనకు తెలుగు వచ్చని తరగతిలో ఎవరికీ చెప్పకూడదు. ఇంకా నోరు విప్పనివాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాట ఇచ్చాను. ఆ తర్వాత ఇంగ్లీషు గంట నాకు పండుగలా ఉండేది. పక్కింటి పిల్ల మేడం చెప్పుల మీద వ్యాఖ్యానం చేయడం, మేడం ఏమీ ఎరగనట్టు పాఠం చదవడం, నేను పెదాలు బిగబట్టి పుస్తకంలో తల దూర్చడం. ఏడాది చివర సెలవులిచ్చే రోజు ఆమె తెలుగులో "ఇగ పోయిరాండ్రి పిల్లలూ" అనగానే తరగతి ఎలా అయిందో చెప్పలేను. పక్కింటి పిల్ల బెంచీ కిందికి దూరింది. మేడం దాన్ని బయటికి లాగి, "సోమారం చీర ఇయ్యాల కట్టలే సూడు" అన్నారు.

అసలు చదువు జరిగింది మాత్రం దసరాకూ ఆ రోజుకూ నడుమ. సెలవులయ్యాక ఆమె నాతో అవ్వ కథ ఇంగ్లీషులో రాయించారు. ఎర్రసిరాతో గీతలు కొట్టలేదు. నేను రాసిన చోట ఆమెకు ఏదైనా కనబడకపోతే అక్కడ చిన్న సున్నా చుట్టేవారు. ఆ సున్నాల దగ్గర నాతో కూర్చుని అడిగేవారు. వాన ఎలాంటి చప్పుడు చేసింది? మంద ఎటు పరుగెత్తింది? ఆ కన్నడామె చేతులు ఎలా ఉన్నాయో అవ్వను అడిగావా? నేను ఇంటికి పరుగెత్తి అవ్వను అడిగి వచ్చేదాన్ని. అలా తిరగరాసి, తిరగరాసి, చివరికి ఆమె దాన్ని బోర్డు మీద రాసి, పాఠ్యపుస్తకంలో కథను ఎలా చెబుతారో అలాగే తరగతికి పాఠంగా చెప్పారు. కన్నడామె ఎందుకు పేరు చెప్పకుండా పోయింది అని పిల్లలను అడిగారు. వాళ్లు వాదించుకున్నారు, వచ్చీరాని ఇంగ్లీషులోనే. నేను రాసిన మనిషి గురించి నా తోటి పిల్లలు కొట్లాడుకుంటుంటే విన్నాను. ఆ తర్వాత పుస్తకంలోని కథలు కూడా నాకు వేరేగా కనిపించాయి. వాటిని రాసినవాళ్లకూ ఎక్కడో ఒక అవ్వ ఉండి ఉంటుంది. వాళ్లూ ఒక మాట దొరక్క ఒక పూట ఆగిపోయి ఉంటారు. అది తెలిశాక పుస్తకమంటే భయం పోయింది. మెల్లమెల్లగా మిగతా పిల్లలు కూడా ఇళ్ల నుంచి కథలు తేవడం మొదలుపెట్టారు.

మా అవ్వ ఇప్పటికీ ఉంది. కళ్లు కొంచెం మందగించాయి, చెవులు బాగానే ఉన్నాయి. ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు మా బడి పిల్లలు ఇంగ్లీషులో రాసినవి ఆమెకు మన మాటలో చెబుతాను. నచ్చకపోతే మొహమాటం లేకుండా చెప్పేస్తుంది.

టీచరునయ్యాక వ్యాసాలు దిద్దడం నాకు దినచర్య అయిపోయింది. కాగితాల కట్ట ముందు పెట్టుకోగానే చేయి దానంతట అదే కలం వైపు పోతుంది. ఆ చేతిని ఆపుతాను. కలం మూత పెట్టి పక్కన ఉంచి, మొదటిసారి ఊరికే చదువుతాను. రాసిన పిల్ల ఏం చూసింది, ఎవరితో ఉంది, ఆ తర్వాత ఏమైంది అని తెలుసుకోవడానికి చదువుతాను. చదవడం పూర్తయ్యాక, ఆ పిల్లను దగ్గరికి పిలిచి అడగాలనిపించే మాట ఒకటి ఎప్పుడూ మిగిలే ఉంటుంది. ముందు అది అడుగుతాను. ఆ పిల్ల ముఖం విప్పారి జవాబు చెప్పడం మొదలుపెట్టినప్పుడు, తప్పులు తర్వాత చూసుకోవచ్చులే అనిపిస్తుంది. నా మనసు తేలికపడుతుంది.